కరుణ చూపాలంటే ముందు ఆగాలి

ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేశాను. అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. పదవీ విరమణ తర్వాత, కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు వారానికి రెండు క్లాసులు చెబుతున్నాను. సెలైన్ ఎలా ఎక్కించాలో, కట్టు ఎలా మార్చాలో నేర్పడం కష్టం కాదు. "రోగి పట్ల కరుణతో మెలగాలి" అని పాఠంలో ఒక వాక్యం వస్తుంది. అదెలాగో మాత్రం అక్కడ రాసి ఉండదు. ఒకరోజు ఒక అమ్మాయి లేచి సూటిగా అడిగింది: "కరుణతో మెలగడమంటే సరిగ్గా ఏం చేయాలి మేడమ్?" ఆ రోజు నేనేదో చెప్పాను కానీ, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆ అమ్మాయికి చెప్పవలసింది ఇదీ అనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆసుపత్రికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇంట్లో, బస్సులో, ఆఫీసులో, వీధిలో కూడా చేయవలసినవి ఇవే పనులు.

ముందు నా తప్పొకటి చెప్పాలి. ఒకరోజు డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యమైంది. మెట్లెక్కుతుంటే మలుపు దగ్గర ఒకామె మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. చూశాను. ఎవరో ఒకరు పలకరిస్తారులే అనుకుని పక్క నుంచి పైకి వెళ్లిపోయాను. గంట తర్వాత తెలిసింది. పై అంతస్తులో ఆమె కొడుకు చనిపోయాడు. శవాన్ని అప్పగించే కాగితాల కోసం కింద ఏదో గదికి వెళ్లమన్నారు. ఏ గదో అర్థం కాలేదు. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. అలా మెట్ల మీదే కూలబడింది. ఆ సమయంలో ఆమెకు కావలసింది ఓదార్పు కూడా కాదు, ఆ గది దాకా వెంట నడిచే ఒక మనిషి. దానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలు నేను ఇవ్వలేదు.

నేను కఠినురాలినని ఆ రోజు ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. తొందరలో ఉన్నాను, అంతే. చాలా ఏళ్ల తర్వాత ఒక పరిశోధన గురించి చదివినప్పుడు ఆ మెట్లు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో దాన్ని ప్రచురించారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మత గురువులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులను ఒక్కొక్కరినే పక్క భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషిని తలుపు దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. కావలసినంత సమయం ఉందని చెప్పి పంపిన వాళ్లలో 63 శాతం మంది ఆగి సాయపడ్డారు. ఇప్పటికే ఆలస్యమైందని చెప్పి పంపిన వాళ్లలో ఆగింది 10 శాతమే. సగం మందికి ఇచ్చిన ప్రసంగ విషయం ఏమిటంటే, దారిలో గాయపడిన అపరిచితుణ్ని ఆదుకున్న మంచి సమరయుడి గురించి బైబిల్‌లో ఉన్న కథ! ఆ కథ చెప్పడానికి వెళుతున్నంత మాత్రాన వాళ్లు ఎక్కువగా ఆగలేదు.

అందుకే నా మొదటి సలహా మనసుకు సంబంధించింది కాదు, గడియారానికి సంబంధించింది. ఎక్కడికి వెళ్లాలన్నా పది నిమిషాలు ముందు బయలుదేరండి. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య కాస్త ఖాళీ వదలండి. రోజంతా అంచు దాకా నింపుకున్న మనిషికి ఎంత మంచి మనసున్నా అది బయటకు రావడానికి చోటుండదు. నా పిల్లలకు క్లాసులో ఇదే మొదట చెబుతున్నాను. వాళ్లు ఇంకేదో పెద్ద మాట వస్తుందని ఎదురుచూస్తారు. నాకు తెలిసిన వాటిలో ఇదే పెద్దది.

జాలి పడటం వేరు

మన మాటల్లోనే ఒక తేడా ఉంది. జాలి "పడతాం". దయ "చూపుతాం". జాలి మనకు కలిగేది. దానికి ఎదుటి మనిషితో పనిలేదు, కూర్చున్న చోటే పడవచ్చు. "అయ్యో పాపం" అనుకుని పేజీ తిప్పేయవచ్చు. చూపడానికి మాత్రం ఎదురుగా ఒక మనిషి ఉండాలి, మనం ఏదో ఒకటి చేయాలి. కళ్లు చెమర్చకపోయినా పర్వాలేదు. ఎన్నో రాత్రులు నాలో ఏ భావమూ లేకుండానే, అలసటతో మొద్దుబారిపోయి, ఒక ముసలాయనను పక్కకు తిప్పి వీపు తుడిచి పొడి దుప్పటి పరిచాను. ఆయనకు అందవలసింది అందింది. మనసు కరిగేదాకా ఎదురుచూడకండి. చేయి కదిలితే మనసు చాలాసార్లు తర్వాత వచ్చి కలుస్తుంది.

అడిగి చేయండి

మంచివాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు అడగకుండా సాయం చేయడం. చూపు లేని వ్యక్తి రోడ్డు దాటబోతుంటే చేయి పట్టుకుని లాగేస్తారు. ఆయనకు అది గుంజినట్టే ఉంటుంది. పక్కకు వెళ్లి, మాట వినిపించేలా "దాటడానికి సాయం కావాలా?" అని అడగండి. సరేనంటే మీ మోచేయి అందించండి, ఆయన పట్టుకుంటారు. మీరు అరడుగు ముందు నడవండి. మీ కదలికను బట్టి మెట్టు వచ్చిందో మలుపు వచ్చిందో ఆయనకు తెలిసిపోతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను అడగకుండా తోయకండి. ఆ కుర్చీ వాళ్ల శరీరంలో భాగం లాంటిది. మాట్లాడేటప్పుడు వెంట ఉన్నవాళ్లను కాదు, వాళ్లనే చూడండి. "ఈయనకు ఏం కావాలి?" అని వెనకున్న మనిషిని అడగడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఆ కుర్చీలోని మనిషి ముఖం ఆ క్షణంలో ఎలా మారుతుందో కూడా చూశాను.

కూర్చోండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. మంచం మీద ఉన్న మనిషితో నిలబడి మాట్లాడితే ఆయన మెడ ఎత్తి చూడాలి, మీరు ఏ క్షణమైనా వెళ్లిపోతారన్న భయంతో సగం సంగతే చెబుతారు. కుర్చీ లాక్కుని ఆయన కళ్ల ఎత్తుకు వస్తే, రెండు నిమిషాలే ఉన్నా తీరికగా ఉన్నట్టు అనిపిస్తుంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్ల దగ్గర అరవకండి. మీ ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చుని, కాస్త నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడండి. పెదవులు కనిపిస్తే వాళ్లకు సగం మాట అందుతుంది.

ఇంకొకటి. "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి" అనే వాక్యాన్ని మానేయండి. మనస్ఫూర్తిగానే అంటాం, నిజమే. కానీ ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగవచ్చో తేల్చుకుని, మొహమాటం దాటి ఫోన్ చేసే భారమంతా కష్టంలో ఉన్న మనిషి మీదే వేస్తున్నాం. దాని బదులు, "రేపు ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా నాన్నగారి దగ్గర నేను కూర్చుంటాను. మీరు ఇంటికి వెళ్లి స్నానం చేసి కాసేపు పడుకుని రండి. రేపు వీలుకాకపోతే ఎల్లుండి వస్తాను" అనండి. పని, రోజు, సమయం మూడూ చెప్పండి. వాళ్లు "సరే" అంటే చాలు, లేదా "వద్దు" అంటే చాలు. వద్దంటే నొచ్చుకోకండి. వద్దనే స్వేచ్ఛ ఇవ్వడం కూడా సాయంలో భాగమే.

వినడం

1984లో హోవార్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల గదుల్లో జరిగిన సంభాషణల రికార్డులను పరిశీలించిన అధ్యయనాన్ని ప్రచురించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు అడ్డుపడేవరకు గడిచిన సమయం సగటున 18 సెకన్లు. ఇది చదివి డాక్టర్ల మీద కోపం తెచ్చుకోవడం సులభం. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లోవాళ్లు ఏదైనా చెప్పడం మొదలుపెట్టాక మీరు ఎన్ని సెకన్లకు అడ్డుపడతారో గమనించండి. నేను గమనించుకున్నాను. ఆ తర్వాత డాక్టర్లను ఏమీ అనలేదు.

నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. ఎదుటి మనిషి ఆగాక మనసులో ఐదు దాకా లెక్కపెడతాను. చాలాసార్లు మూడు దగ్గరికి వచ్చేసరికి వాళ్లే మళ్లీ మొదలుపెడతారు, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. ఒకామె కడుపునొప్పి గురించే పావుగంట చెప్పి ఆగింది. నేను ఏమీ అనలేదు. కాసేపటికి గోడ వైపు చూస్తూ, "ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరమ్మా" అంది. మధ్యలో మాత్ర పేరు చెప్పి ఉంటే ఆ మాట ఎప్పటికీ వచ్చేది కాదు.

విన్నాక మీ కథ మొదలుపెట్టకండి. "మా పిన్నికీ ఇలాగే అయింది" అనగానే, కష్టం చెప్పుకుంటున్న మనిషి మీ పిన్నికి సానుభూతి చెప్పవలసి వస్తుంది.

సమయం లేదనే మాటకు కూడా ఒక జవాబుంది. 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో, క్యాన్సర్ చికిత్స గురించి డాక్టరు వివరించే వీడియోను స్త్రీలకు చూపించారు. కొందరికి చూపిన వీడియోలో అదనంగా, మీరు కష్టమైన పరిస్థితిలో ఉన్నారని తెలుసు, మీతోపాటు మేమూ ఉంటాం అనే అర్థంలో డాక్టరు నాలుగు మాటలు చెబుతాడు. అది చూసినవాళ్లలో ఆందోళన తక్కువగా కనిపించింది. ఆ అదనపు మాటలకు పట్టిన సమయం 40 సెకన్లు. లిఫ్టు కోసం మనం ఎదురుచూసేది అంతకంటే ఎక్కువసేపే ఉంటుంది.

దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర

ఇక్కడ తెలివైనవాళ్లు కూడా తడబడతారు. మౌనం భరించలేక ఏదో ఒకటి అనేస్తారు. "ఏడవకండి." "అంతా మన మంచికే." "వయసు చిన్నదేగా, మళ్లీ పిల్లలు పుడతారు." "పోనీలెండి, ఎక్కువ బాధపడకుండా వెళ్లిపోయారు." ఇవన్నీ ఎదుటివాళ్ల దుఃఖాన్ని తగ్గించడానికి కాక, దాన్ని చూడలేని మన ఇబ్బందిని తగ్గించుకోవడానికి అనే మాటలు. కటువుగా ఉన్నా ఇది నిజమని నా నమ్మకం. ముప్పై ఒక్క ఏళ్లలో "మన మంచికే" అన్న మాటతో తేరుకున్న ఒక్క తల్లిని కూడా నేను చూడలేదు.

"ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. మీ దగ్గర కూర్చుంటాను" అనండి. చాలు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలవండి. ఆ పేరెత్తితే గాయం రేగుతుందని అందరూ భయపడతారు. ఆ గాయం రేగే ఉంది, మానలేదు. ఆ పేరు ఇంకొకరి నోట వినిపించకపోవడమే ఎక్కువ బాధ. మీకు తెలిసిన చిన్న జ్ఞాపకం ఏదైనా ఉంటే చెప్పండి. మా వార్డులో చనిపోయిన ఒక మాస్టారి భార్యకు, "రోజూ రాత్రి నేను మందులిస్తుంటే నా చేతిరాత బాగాలేదని దిద్దేవారు" అని చెప్పాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఇంకేమేం అన్నారో చెప్పమని నన్ను అరగంట కూర్చోబెట్టింది.

మొదటి వారం అందరూ వస్తారు. మీరు మూడో నెలలో వెళ్లండి. ఆ తేదీని ఇప్పుడే ఫోనులో రాసి పెట్టుకోండి, ఎందుకంటే తప్పకుండా మరిచిపోతారు. వెళ్లలేకపోతే ఒక్క సందేశం పంపండి. ఇన్నాళ్ల తర్వాత పలకరిస్తే ఏమనుకుంటారో అన్న సంకోచం అవసరం లేదు. చాలాకాలంగా పలకరించని స్నేహితుణ్ని పలకరిస్తే అవతలి మనిషి ఎంత సంతోషిస్తాడన్న విషయంలో మన అంచనా సాధారణంగా తక్కువగానే ఉంటుందని పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది.

గుంపులో

అపాయం జరిగిన చోట ఎక్కువమంది ఉంటే సాయం త్వరగా అందుతుందని అనుకుంటాం. కానీ ప్రతిసారీ అలా జరగదు. ముందు చెప్పిన డార్లీయే, బిబ్ లటానేతో కలిసి 1968లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు మాటలు వినిపిస్తాయి. విన్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మనిషి మాటలు ఆగిపోకముందే సాయానికి లేచారు. తనతోపాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నప్పుడు అది 31 శాతానికి పడిపోయింది. వాళ్లు రాయిలా కూర్చోలేదు, చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. ఎవరో ఒకరు చేస్తారులే అనుకుని ఉండవచ్చు. మెట్ల మీద నేను అనుకున్న మాటే అది.

కాబట్టి గుంపు మధ్యలో ఎవరైనా పడిపోతే "ఎవరైనా అంబులెన్సు పిలవండి" అని అరవకండి. ఒక మనిషిని వేలితో చూపించి, "నీలం చొక్కా వేసుకున్న బాబూ, మీరు అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఏం చెప్పారో వచ్చి నాకు చెప్పండి" అనండి. ఇంకొకరిని, "అమ్మా, మీరు జనాన్ని కాస్త దూరం జరపండి" అనండి. పేరు పెట్టినట్టు పని అప్పగిస్తే దాదాపు ఎవరూ కాదనరు. వాళ్లూ సాయం చేయాలనే నిలబడి ఉంటారు, ఎవరో ఒకరు చెప్పేదాకా కదలలేకపోతారు.

కోపంగా ఉన్న మనిషి

ఒకసారి రాత్రి రెండు గంటలకు ఒక యువకుడు వార్డు అదిరిపోయేలా నా మీద కేకలు వేశాడు. తండ్రికి మందు ఆలస్యమైందని. నిజంగానే పావుగంట ఆలస్యమైంది. నాకూ కోపం వచ్చింది. ఏదో అనబోయి, అతని కళ్లు చూసి, "మీరు నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగాను. అతను లెక్కపెట్టుకోవడానికి ఆగాడు. మూడు రాత్రులు. ఆ అంకె బయటికి చెప్పాక అతని భుజాలు జారిపోయాయి. మందు ఇచ్చి, ఆలస్యమైనందుకు క్షమించమని చెప్పి, వరండాలో బల్ల చూపించి "నాలుగింటికి నేను లేపుతాను" అన్నాను. లేపాను కూడా.

అయితే ప్రతి కోపాన్నీ భరించమని చెప్పడం లేదు. ఇంకోసారి ఒకడు మా ఆయా మీద చెయ్యెత్తాడు. అతనికీ కష్టం ఉండే ఉంటుంది. నేను మాత్రం ముందు ఆయాను లోపలికి పంపి, కాపలా మనిషిని పిలిచాను. దెబ్బ పడబోయే మనిషిని కాపాడటం ఆ క్షణంలో చేయవలసిన పని. కొట్టేవాడి కష్టం తర్వాత వినవచ్చు.

సొంత ఇంట్లో

ఎక్కడో ఉన్న అపరిచితుడి కంటే రోజూ ఎదురుగా ఉండే మనిషి దగ్గరే నాకు కష్టమైంది. మా అత్తగారికి మతిమరుపు జబ్బు వచ్చింది. సాయంత్రమయ్యేసరికి "ఆయన ఇంకా రాలేదేం?" అని అడిగేవారు. మామగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. మొదట్లో నేను నిజం చెప్పేదాన్ని. విన్న ప్రతిసారీ ఆవిడకు అది మొదటిసారే. అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేవారు. ఒకరోజు ఏడోసారి అడిగినప్పుడు, "ఎన్నిసార్లు చెప్పాలి, ఆయన లేరు!" అని అరిచాను. వార్డులో వందలమంది దగ్గర ఓర్పుగా ఉన్న మనిషిని, మా ఇంట్లో ఒక్క పెద్దావిడ దగ్గర ఉండలేకపోయాను. ఆవిడ భయపడి గోడకు ఆనుకుని నిలబడటం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

తర్వాత నేర్చుకున్నాను. ఆ ప్రశ్న వెనక ఉన్నది సమాచారం కోసం అడగడం కాదు, ఆయన మీద బెంగ. "మామయ్యగారు గుర్తొస్తున్నారా అత్తయ్యా? ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడగడం మొదలుపెట్టాను. ముఖం విప్పారేది. పది నిమిషాలు చెప్పేవారు. మళ్లీ అడిగేవారు, నేనూ మళ్లీ అడిగేదాన్ని. అబద్ధం ఆడలేదు, గాయమూ చేయలేదు. మీ ఇంట్లో మతిమరుపు ఉన్నవాళ్లు ఉంటే ఇది ప్రయత్నించి చూడండి. మాటను సరిదిద్దకుండా, ఆ మాటలోని బెంగకు బదులివ్వండి.

అలసిపోయినప్పుడు

ఎదుటివాళ్ల బాధను లోపలికి తీసుకుని వాళ్లతోపాటు కుమిలిపోవడమే కరుణ అని చాలాకాలం అనుకున్నాను. అలా మూడు నెలలు గడిచేసరికి మంచాల వైపు చూడటమే మానేశాను, పట్టీలో నంబర్లు చూసి మందులిచ్చేదాన్ని. మెదడు మీద పరిశోధించే తానియా సింగర్, ఓల్గా క్లిమెకి చేసిన అధ్యయనాలు నాకు ఈ విషయంలో ఎంతో ఊరటనిచ్చాయి. ఎదుటివాళ్ల బాధను తానూ అనుభవించడం, ఎదుటివాళ్లకు మేలు కలగాలని కోరుకోవడం ఒకటి కావని, మెదడులో వాటి దారులే వేరని వాళ్లు చూపించారు. మొదటిదాన్ని సాధన చేసినవాళ్లలో క్షోభ పెరిగింది. రెండోదాన్ని సాధన చేశాక మనసు తేరుకుంది.

నేను చేసేది ఇది. గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఒక్క శ్వాస ఆగుతాను. పాదాలు నేలను తాకుతున్నట్టు గమనిస్తాను. "ఈ మనిషికి కాస్త ఉపశమనం కలగాలి" అని మనసులో అనుకుంటాను. తర్వాత చేతికి ఒక పని ఇస్తాను. దిండు సరిచేయడమో, కిటికీ తెరవడమో, నీళ్లు అందించడమో. ఓపిక లేని రోజున "ఇవాళ నాకు అరగంటే వీలవుతుంది" అని ముందే చెబుతాను. గంట ఉంటానని మాటిచ్చి గడియారం వైపు చూడటం కంటే అది మర్యాద. నిద్ర మానుకోకండి. నిద్ర లేని మనిషి ఏమవుతాడో ఆ యువకుణ్ని చూశాక నాకు తెలుసు.

చేసిన సాయాన్ని ఫోటో తీయకండి. ఆ మనిషి తన జీవితంలో బలహీనమైన క్షణాన్ని మీ ముందు పెట్టాడు, దాన్ని ఊరందరి ముందు పెట్టే హక్కు మీకు ఇవ్వలేదు.

మొన్న క్లాసుకు వెళుతుంటే అవే తరహా మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఆగి, ఒక మెట్టు కింద కూర్చుని, "ఎక్కడికైనా వెళ్లాలామ్మా? దారి చూపించనా?" అని అడిగాను. "ఏం లేదమ్మా, కాళ్లు లాగుతుంటే కాసేపు కూర్చున్నాను" అంది. సరేనని ఇంకో నిమిషం ఆమె పక్కనే ఉండి, లేచి పైకి వెళ్లాను. క్లాసు మొదలు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉంది.